బొద్దుబిడ్డ: నూరేండ్ల చరిత్ర

మొసలి నోటికి చిక్కిన గజేంద్రుడు తన లావు ఉడిగినదని మొరపెట్టుకొనిన ఘట్టమును మన ఇండ్లలో పిల్లలకు ఇప్పటికిని నేర్పుచునే యున్నాము. నేర్చుకొను పిల్లవానికి అక్కడ ఒక సందేహము కలుగుట సహజము: ఏనుగు సన్నబడినదా? పోతన నాటి తెలుగులో ‘లావు’ అనగా బలము. శరీరపు మందము అను అర్థము పిదప పైకి వచ్చినది. ‘బలుపు’ అను మాట సంగతియు ఇట్టిదే. సత్తువయు, కొవ్వును ఆ ఒక్క పదములోనే కాపురమున్నవి. మాటల అర్థములు మారుట వింత కాదు. కాని ఈ రెండు మాటల వెనుక మన వారికి ఒక గట్టి నమ్మకము కలదు. లావైన బిడ్డయే బలమైన బిడ్డ అనునదే ఆ నమ్మకము. అది ఊరక పుట్టినది కాదు, ఆకలిలో పుట్టినది. ఆకలి తీరిన ఇండ్లలో నేడు ఆ నమ్మకమే బిడ్డలకు కీడు చేయుచున్నది. మద్రాసు, కూనూరు, మైసూరు, పూనా, గంజాము మొదలైన చోట్ల మీదుగా, అనగా రాష్ట్రేతర తెలుగువారమైన మనము కాపురమున్న సీమల మీదుగానే, ఈ చరిత్ర చాల మట్టుకు నడచినది. కావున దీనిని మన సంచికలో చెప్పుకొనుట అసందర్భము కాదని తలంచుచున్నాను.

స్థౌల్యమును దోషముగా గుర్తించుట పాశ్చాత్య వైద్యముతో మొదలు కాలేదు. చరకసంహిత సూత్రస్థానములోని 21వ అధ్యాయమునకు అష్టౌనిందితీయమని పేరు. మిక్కిలి పొడవు, మిక్కిలి పొట్టి మొదలైన ఎనిమిది విధముల దేహములను పేర్కొని, వారిలో అతిస్థూలుని, అతికృశుని గూర్చియే ఆచార్యుడు విస్తరించి చెప్పెను. అతిగా తినుట, తీపియు జిడ్డును గల గురుపదార్థములను వాడుట, వ్యాయామము లేకపోవుట, పగటినిద్ర, చింత లేని బ్రదుకు, ఇవి స్థౌల్యమునకు కారణములని చెప్పి, చివరకు బీజస్వభావమును కూడ చేర్చెను. తల్లిదండ్రుల నుండి సంక్రమించునది కొంత కలదని ఆనాడే గ్రహించిరన్నమాట. ఇద్దరిలో కృశుడే మేలని తీర్పు కూడ చెప్పెను. అయితే ఆ అధ్యాయము కలిగిన ఇంటి పెద్దలను ఉద్దేశించినట్లు తోచును. బిడ్డల స్థౌల్యము ఒక ప్రజాసమస్య కాగలదని ఊహించుటకు ఆ కాలమున అవకాశము లేదు. పంట తప్పిన ఏడు బిడ్డ బ్రదికి బట్టకట్టుటయే గొప్ప.

ఆకలి మన పెద్దలకు పుస్తకములోని మాట కాదు. 1832-33లో గుంటూరు సీమను పీడించిన నందన కరువులో వేలకొలది జనము ఊళ్లు విడిచి మద్రాసు బాట పట్టిరి. 1866లో ఒడిశాను తుడిచిపెట్టిన కరువు గంజాము జిల్లాను కూడ విడువలేదు. ఆ జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. 1876-78 నాటి ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప మండలములను, మైసూరు సంస్థానమును, బొంబాయి దక్కనును ఒక్కమారుగా ఎండగట్టినది. ఆ రెండు మూడేండ్లలో యాభై లక్షలకు పైగా ప్రాణములు పోయినవని అంచనా. మన పూర్వులు ఇల్లు విడిచి వచ్చుటకు కారణములు అనేకములు: నాయకరాజుల కొలువు, సైన్యము, మగ్గము, రైలుపని, వర్తకము. వానిలో కరువును కూడ ఒకటిగా లెక్కింపవలెను.

1877 ఆరంభమున సర్ రిచర్డు టెంపుల్ కరువుపనులలోని మగవాని దినకూలిని ఒక పౌను ధాన్యము వెలకు, దానిపై అత్యల్పమైన పైకమునకు కుదించెను. పౌను అనగా సుమారు 450 గ్రాములు. ఎండలో రాళ్లు కొట్టు మనిషి ఆ గింజలతో నిలువజాలడని, మాంసకృత్తులు గల పప్పుదినుసులు కూడ కావలెనని మద్రాసు శానిటరీ కమీషనరు డాక్టరు కార్నిష్ పట్టుబట్టి వాదించెను. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వము కూలిని పెంచవలసి వచ్చెను. మనుష్యునకు ఎంత తిండి కావలెనను ప్రశ్నను ఈ దేశపు ప్రభుత్వ కాగితములపై అంకెలతో వాదించుకొనిన తొలి సందర్భములలో ఇది ముఖ్యమైనది. అది ‘ఎంత తక్కువైనను చాలును’ అను లెక్క. ‘ఎంత మించరాదు’ అను ప్రశ్న ఎవరికిని తట్టలేదు, తట్టవలసిన పనియు లేదు.

ఆ లెక్క బడిపిల్లల దాక వచ్చుటకు నలువది యేండ్లకు పైగా పట్టెను. 1920లో మద్రాసు కార్పొరేషను తన అధ్యక్షులైన పిట్టి త్యాగరాయచెట్టిగారి చొరవతో, థౌజండు లైట్సులోని కార్పొరేషను పాఠశాల పిల్లలకు మధ్యాహ్నపు ఫలాహారము పెట్ట తీర్మానించెను. విద్యార్థి ఒక్కనికి రోజునకు ఒక అణా మించరాదని నియమము. త్యాగరాయచెట్టిగారు తెలుగు మాటలాడు దేవాంగ కుటుంబమువారు. మద్రాసులో పాతుకొనిన మన వారిలో ఒకరు. ఆ ఏర్పాటు కొలది యేండ్లకే ప్రభుత్వపు అభ్యంతరముచేత కుంటుపడినను, దాని వేరు చావలేదు. 1956లో కామరాజు నాడార్ మద్రాసు రాష్ట్రమంతటను పిల్లల మధ్యాహ్న భోజనమును నెలకొల్పిరి. 1982లో రామచంద్రన్ ప్రభుత్వము దానిని బహుళముగా విస్తరించెను. 2001లో సుప్రీము కోర్టు ఆజ్ఞతో వండిన భోజనము దేశమందలి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలందరికిని చేరవలసినదైనది. ఒక అణా లెక్కతో మొదలైన పని ఎంత దూరము పోయినదో చూడుడు.

అదే కాలమున మరియొక వాడుక వచ్చినది. 1924లో వైస్రాయి భార్య లేడీ రీడింగు ప్రారంభించిన శిశువారోత్సవములు పట్టణపట్టణమునకు ప్రాకినవి. తల్లులు బిడ్డలను ఎత్తుకొని వచ్చుట, వైద్యులు వారిని తూచి పరీక్షించుట, ఆరోగ్యవంతుడైన శిశువునకు బహుమతి ఇచ్చుట ఈ ఉత్సవములలో ముఖ్యాంశము. ఉద్దేశము చాల మంచిది. పుట్టిన బిడ్డలలో ఎందరో ఏడాది దాటకయే పోవుచున్న రోజులవి. కాని తక్కెడ అంతటితో మన మనసులలో నాటుకొనినది. బరువు పెరిగిన బిడ్డ గెలిచినట్లు, పెరుగని బిడ్డ తల్లి ఓడినట్లు.

శాస్త్రజ్ఞుల దృష్టియు అప్పుడు కొరతపైననే నిలిచియుండెను. నీలగిరులలోని కూనూరు పాస్చరు ఇన్‌స్టిట్యూటులో 1918లో రాబర్టు మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిని గూర్చిన పరిశోధన నారంభించెను. పిదప ఆయన చేసిన ఎలుకల ప్రయోగము ప్రసిద్ధము. భారతదేశపు వివిధ ప్రాంతముల వారి భోజనములను ఎలుకల గుంపులకు వేరువేరుగా పెట్టి చూచెను. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు గల సిక్కుల భోజనము తినిన ఎలుకలు అన్నిటికంటె బాగుగ పెరిగినవి. మరపట్టిన బియ్యమే ప్రధానమైన మద్రాసువారి భోజనము తినిన ఎలుకలు అట్టడుగున నిలిచినవి. అన్నము తిను జాతి యంతయు ఆ ఫలితమునకు కొంత చిన్నబుచ్చుకొనినది. నిజమునకు అందలి దోషము అన్నముది కాదు. అన్నము పక్కన ఏమియు లేకపోవుటది. ఆ తరువాత అక్కడ అధ్యక్షుడైన ఆక్రాయిడ్ 1937లో భారతీయాహారముల పోషకవిలువలను చిన్న పుస్తకముగా ప్రకటించెను. పాఠశాలలలో పాలు పంచుటకు, వసతిగృహములలో పప్పు పెంచుటకు అది ఆధారమైనది. ఆ పరిశోధనాలయమే 1958లో కూనూరు నుండి హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పొందినది.

కూనూరులోను, తరువాత హైదరాబాదులోను పనిచేసిన డాక్టరు సి. గోపాలన్ ప్రభృతులను వేధించిన వ్యాధులలో క్వాషియార్కర్ ఒకటి. మాంసకృత్తులు, శక్తి చాలని బిడ్డకు కాళ్లు నీరు పట్టి, ముఖము ఉబ్బి, పొట్ట ముందుకు వచ్చును. తెలియనివారు చూచిన బిడ్డ నిండుగనే ఉన్నట్లు తోచును. వాపును చూచి బలుపనుకొనుట అను మన సామెత ఇంతకంటె అక్షరాల నిజమైన చోటు మరియొకటి లేదు. ఆ వాపు నేడు అరుదైనది. సామెత మాత్రము కొత్తరూపమున నిలిచియే యున్నది.

డబ్బాపాలు ఈ కథలో ఒక మలుపు. బొద్దుబుగ్గల శిశువు బొమ్మ గల డబ్బాలు మొదట సీమనుండి వచ్చినవి. 1950లో మైసూరున స్థాపితమైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము గేదెపాలనుండి శిశువులకు తగిన పొడి చేయు విధానమును కనుగొనెను. ఆనందులోని పాల సహకారసంఘము దానిని తయారుచేసి దేశమంతటికి అందించెను. విదేశీ సరకుపై ఆధారపడకుండ చేసిన ఆ కృషి మెచ్చదగినదే. కాని బొద్దుగానున్న ఏ పిల్లవాడైనను ‘అమూల్ బేబీ’ అయినాడు. ఈ పేరును మన వారు ముద్దుకు వాడుదురు, తరగతిలో తోటిపిల్లలు ఎగతాళికి వాడుదురు. ఐదేండ్ల లోపల ముద్దైన దేహము పదేండ్లకు పరిహాసపాత్రమగుట ఆ బిడ్డకు ఎంతమాత్రమును అర్థము కాదు. తల్లిపాలకు పోటీగా డబ్బాలను ప్రచారము చేయుటను, డబ్బాపై శిశువు బొమ్మ వేయుటను 1992 నాటి శాసనము నిషేధించినది.

మన దేశము కొరతతో పెనగులాడుచున్న కాలముననే, మరియొక ఖండములో ఈ చరిత్రకు రెండవ సగము మొదలైనది. జర్మనీలో పుట్టిన యూదు వైద్యురాలు హిల్డా బ్రూక్ హిట్లరు పాలననుండి తప్పించుకొని 1934లో న్యూయార్కున దిగెను. అది ఆర్థికమాంద్యపు కాలము, లక్షలమందికి పనిలేని కాలము. అట్టి నగరపు వీథులలో ఇందరు లావుపిల్లలు కనిపించుట ఆమెను ఆశ్చర్యపరచెను. బాలస్థౌల్యము గ్రంథుల దోషమువలన కలుగునని అప్పటి వైద్యులు నమ్మి, గ్రంథిరసములు ఎక్కించుచుండిరి. బ్రూక్ 1937 నుండి ఆ పిల్లలను కొలిచి చూడగా, వారిలో పలువురు తోటివారికంటె పొడగరులై, ముందుగా పెరుగుచున్నట్లు తేలెను. గ్రంథులు చెడిన బిడ్డ అట్లు పెరుగడు. పిమ్మట ఆమె ఆ ఇండ్లకు పోయి చూచెను. పెక్కుమంది తల్లులు దూరదేశములనుండి వలస వచ్చినవారు, బాల్యమున లేమిని చవిచూచినవారు. తమకు దొరకనిదానిని బిడ్డకు కడుపునిండ పెట్టుటయే వారి ప్రేమకు భాష అయ్యెను. బిడ్డ ఏడ్చినను తిండియే, నవ్వినను తిండియే.

వలస వచ్చిన కుటుంబముల వారమైన మనము ఈ మాటను ఒక్కమారు నిలిచి చదువవలెను. పరాయి నేలపై ఇంటిభాష తగ్గవచ్చును, పేర్లు మారవచ్చును, పెండ్లి సంబంధములు దూరమగును. వంటయిల్లు మాత్రము చివరివరకు నిలుచును. బిడ్డకు నేతిముద్ద పెట్టుటలో మనము కులమును, ఊరును, అమ్మమ్మను కలిపి పెట్టుచున్నాము. అంతమాత్రమున తప్పు తల్లిదనుట అన్యాయము. బ్రూక్ స్వయముగా ఆ అన్యాయమునకు కొంత దారితీసినదని నా అభిప్రాయము. ఆమె వ్రాతలలో తల్లులపై పడిన బరువు, వీథిలోని అంగడిపై గాని, ఆటస్థలము లేని నగరముపై గాని పడలేదు.

ఆ అంగడి మన వీథికి వచ్చుట చాల ఆలస్యముగా, చాల వేగముగా జరిగినది. 1960, 70వ దశకములలో వరి, గోధుమల దిగుబడి పెరిగినది. జొన్న, రాగి, కొర్ర వెనుకబడినవి. ఆంధ్రప్రదేశములో 1983 నుండి రెండు రూపాయల కిలోబియ్యము బీదయింటికి చేరినది. ఆ మేలును తక్కువ చేయరాదు. 1991 తరువాత వాణిజ్యపు తలుపులు తెరచుకొనినవి. 1977లో దేశము విడిచిన కోకాకోలా 1993లో తిరిగివచ్చెను. దిగుమతియైన పామోలిను నూనె చౌకయై, వేపుడు తిండి పండుగనుండి ప్రతిదినమునకు దిగెను. నేడు యానాములోనైనను, బరంపురములోనైనను, షోలాపురపు నేతపేటలోనైనను చిల్లర కొట్టు ముందు తోరణములవలె వ్రేలాడు పొట్లములను చూడని వీథి లేదు. ఐదు రూపాయలకు ఒకటి. పిల్లవాని చేతిలోని చిల్లరకు సరిపోవునట్లు కట్టినవి.

తిండి పెరిగినది, ఆట తగ్గినది. చెడుగుడు, బిళ్ళంగోడు, కోతికొమ్మచ్చి ఆడుటకు బయలు కావలెను, చెట్టు కావలెను, సాయంకాలము కావలెను. బయలు ఇండ్ల స్థలములైనది, చెట్టు రోడ్డు వెడల్పునకు పోయినది, సాయంకాలము ట్యూషనుకు పోయినది. మిగిలిన గంటను చేతిఫోను పట్టుకొనినది. ఆడపిల్లల సంగతి మరింత కష్టము. పదేండ్లు దాటగానే తొక్కుడుబిళ్ళ కూడ మాన్పించు ఇండ్లు మనలో ఇంకను కలవు.

ఫలితము అంకెలలో కనబడుచున్నది. అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందము 2024లో ప్రకటించిన లెక్కలనుబట్టి, మన దేశమున 5 నుండి 19 ఏండ్ల వారిలో స్థౌల్యము గలవారు 1990లో సుమారు 4 లక్షలు; 2022 నాటికి 1 కోటి 25 లక్షలు. ఐదేండ్లలోపు బిడ్డలలో అధిక బరువు గలవారు 2015-16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో నూటికి 2.1, 2019-21లో 3.4. అదే సర్వేలో నూటికి 35 మందికి పైగా బిడ్డలు వయసునకు తగిన ఎత్తు లేనివారు. ఆకలి పోయి స్థౌల్యము రాలేదు. రెండును ఒకే ఊరిలో, ఒక్కొక్కచోట ఒకే ఇంటిలో, పక్కపక్కన కూర్చున్నవి. 2025లో ఐక్యరాజ్యసమితి బాలనిధి ప్రకటించిన నివేదికలో, ప్రపంచమున బడియీడు పిల్లలలో స్థౌల్యము గలవారు బరువు తక్కువైనవారిని తొలిసారి మించిరి.

ఈ రెండింటికి లోపల ఒక బంధుత్వము కలదని పూనాలో తెలిసినది. అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ 1993 నుండి చుట్టుపట్ల గ్రామముల గర్భిణీస్త్రీలను, వారి బిడ్డలను పరిశీలించెను. ఇంగ్లండులోని సౌదాంప్టను శిశువుల సగటు బరువు 3.5 కిలోలు, పూనా గ్రామశిశువులది 2.7 కిలోలు. మన బిడ్డలకు కండ తక్కువ, కడుపులోని అవయవముల పెరుగుదల తక్కువ. కాని వీపుమీది చర్మము క్రింద కొవ్వు మాత్రము దాదాపు ఇంగ్లీషు బిడ్డలకు ఉన్నంత ఉన్నది. చూపునకు సన్నము, లోపల కొవ్వు. మైసూరులోని ఒక మిషను ఆసుపత్రిలో 1934 నుండి భద్రపరచిన జననపు పట్టీలను వెదకి, ఆ బిడ్డలు పెద్దవారైన పిదప పరీక్షింపగా, తక్కువ బరువుతో పుట్టినవారిలో గుండెజబ్బు ఎక్కువగా కనబడెను. హాలండు దేశమున 1944-45 చలికాలపు కరువులో తల్లి కడుపున తొలినెలలలోనున్న శిశువులు పందొమ్మిదేండ్లకు స్థౌల్యమునకు ఎక్కువగా లోనైరని 1976లో వెల్లడియైనది.

అనగా కడుపులోనున్నపుడు కొరతకు సిద్ధపడిన దేహము, పుట్టిన పిమ్మట సమృద్ధిని ఎదుర్కొన్నచో తట్టుకొనలేదు. తాతముత్తాతల కరువు మనుమని రక్తములో చక్కెరయై తేలుచున్నదని అనవచ్చునా? అంత సూటిగా అనుట శాస్త్రము కాదు. కాని తల్లి పోషణకును, బిడ్డ ముదిమినాటి రోగమునకును నడుమ దారి కలదనుట ఇప్పుడు నిర్వివాదము. 2016-18 నాటి సమగ్ర జాతీయ పోషణ సర్వేలో మన దేశపు బడిపిల్లలలో పదింట ఒకరికి మధుమేహమునకు ముందరి స్థితి కనబడెను. స్థౌల్యము గలవారి సంఖ్య దానిలో సగమైనను లేదు. కావున మావాడు సన్నముగనే యున్నాడను ధీమా మనకు పనికిరాదు.

దీనినుండి తప్పుడు పాఠము తీయువారును కలరు. బీదపిల్లలకు అన్నము పెట్టిన లావెక్కుదురేమో అని శంకింతురు. దీనికి హైదరాబాదు పరిసర గ్రామములే సమాధానము చెప్పినవి. 1987-90లో 29 గ్రామములను ఎంచి, కొన్నింట గర్భిణులకు, చిన్నబిడ్డలకు ప్రతిదినము వండిన పోషకాహారము పెట్టిరి. మిగిలినవానిలో అప్పటికి ఆ ఏర్పాటు రాలేదు. 2003-05లో ఆ బిడ్డలను 13-18 ఏండ్ల ప్రాయమున మరల పరీక్షించిరి. ఆహారము అందిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు. వారి దేహము ఇన్సులినును మెరుగుగా వాడుకొనుచుండెను. రక్తనాళములు మెత్తగా ఉండెను. కొవ్వు మాత్రము ఎక్కువ కాలేదు. కొరతగల కాలమున, తల్లి కడుపులోను తొలి యేండ్లలోను పెట్టిన తిండి బలమైనది. చాలిన తరువాత పెట్టినదే వాపు.

స్థౌల్యమును కంటితో తేల్చుట కుదరదు. బెల్జియము గణితజ్ఞుడు కెత్లే 1830వ దశకమున సూచించి, 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు కీస్ దేహభారసూచిక అని పేరు పెట్టిన లెక్క నేడు వాడుకలోనున్నది. కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుమార్లు భాగించవలెను. 140 సెంటీమీటర్ల ఎత్తు, 45 కిలోల బరువు గల పదేండ్ల బాలుని సూచిక 23. పెద్దవానికి ఆ అంకె భయపడదగినది కాదు. పదేండ్ల బాలునకు ప్రపంచారోగ్యసంస్థ పట్టికలో 21.4 దాటిన స్థౌల్యమే. పెద్దల కొలతతో పిల్లవానిని కొలిచి ఊరడిల్లు తండ్రులు చాలమంది. పిల్లల వైద్యునివద్ద వయసునుబట్టిన పట్టిక యుండును; ఏడాదికి ఒకటి రెండుమార్లు చూపించుకొన్న చాలును.

ఇక కీడు సంగతి. ఒకనాడు నలువదేండ్లకు వచ్చెడి రెండవరకపు మధుమేహము ఇప్పుడు పదునాలుగేండ్ల పిల్లలకు వచ్చుచున్నది. రక్తపుపోటు, కాలేయమున కొవ్వు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి గురక, మోకాళ్ల నొప్పులు, ఆడపిల్లలలో ఋతుక్రమపు చిక్కులు దానివెంట వచ్చును. బాల్యస్థౌల్యము పెక్కుమందిని యౌవనమున కూడ విడువదు. వీనికంటె ముందుగా బిడ్డను చేరునది అవమానము. బడిలో పేరు పెట్టుదురు, బంధువులు పెండ్లిపందిట్లో బుగ్గ గిల్లి హాస్యమాడుదురు. బిడ్డ దేహమును గూర్చి పైకి మాటలాడరాదు, దిష్టి తగులును అనెడి మన పెద్దల కట్టుబాటు ఈ విషయమున ఎంతో మర్యాదగలది. దిష్టి యుండనీ, లేకపోనీ, మాటలాడకుండుట మంచిదే. తిట్టి, పస్తుంచి సన్నబరచిన బిడ్డ చాటుగా తినుట నేర్చుకొనును.

నివారణము గర్భిణి పోషణతో మొదలగును. ఆరుమాసములు తల్లిపాలే, ఆపైన ఇంటిలో వండినది, చక్కెర కలుపనిది. చక్కెర నుండి వచ్చు శక్తి దినపు శక్తిలో పదవవంతు మించరాదని, అందులో సగమైన మరింత మేలని ప్రపంచారోగ్యసంస్థ 2015లో చెప్పెను. 300 మిల్లీలీటర్ల చల్లని పానీయపు సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర, అనగా ఏడెనిమిది చెంచాలు, కలదు. ఒక్క సీసాతో చిన్నబిడ్డ వంతు తీరిపోయినది. పాలలో కలుపు మాల్టుపొడులను ‘ఆరోగ్యపానీయములు’ అను శీర్షిక క్రింద అమ్మరాదని 2024 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము ఆన్‌లైను అంగళ్లకు సూచించెను. అన్నము తినని బక్కబిడ్డకై పుట్టిన ఆ పొడులను, తినుచున్న బిడ్డకును అలవాటుగా పోయుచున్నాము. ఐదేండ్లు దాటిన బిడ్డకు దినమునకు ఒక గంటసేపు ఒడలు చెమర్చు ఆట కావలెను.

ప్రభుత్వము కొంత చేసినది. కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తిండిని పాఠశాలలోను, దానికి 50 మీటర్ల లోపలను అమ్మరాదని 2020లో నిబంధన వచ్చినది. 2025లో కేంద్ర మాధ్యమిక విద్యామండలి తన పాఠశాలలలో ఏ తినుబండారమున ఎంత చక్కెర కలదో తెలుపు పలకలను పెట్టుమని ఆదేశించెను. ఆ ఏడే సెప్టెంబరు 22 నుండి అమలైన పన్నుమార్పులలో చక్కెర కలిపిన గ్యాసుపానీయములపై పన్ను నూటికి 40 అయినది. అదే దినమున బిస్కట్లు, చాకొలెట్లు, కారపుపొట్లములపై పన్ను 5కు తగ్గినది. ఒక చేతితో మూసి, మరియొక చేతితో తెరచుట ఇట్టిదే. పాఠశాల గేటునుండి 50 మీటర్లను ఎవరు కొలుతురో కూడ చూడవలసియున్నది.

మన పిండివంటలను ఈ సందర్భమున నిందించువారితో నేను ఏకీభవింపను. అరిసెలు సంక్రాంతికి, బొబ్బట్లు ఉగాదికి, చలిమిడి నోములకు. మన పెద్దలు తీపికి తిథి పెట్టిరి. సున్నుండ బాలింతకు, పెరుగు బిడ్డకు అని వేళయు పాత్రతయు పెట్టిరి. తిథి లేని తీపి కొట్టుపొట్లములతో వచ్చినది. రాగిసంకటి, జొన్నరొట్టె, పప్పుతో ఆకుకూర, మజ్జిగ, ఇవి బళ్లారినుండి బరంపురము వరకు మన ఇండ్లలో ఇంకను మరువని వంటలే. బిడ్డకు విస్తరిలో మొదట వడ్డింపవలసినవి అవి. మన సంఘముల వార్షికోత్సవములలో పోటీలలో గెలిచిన బాలబాలికలకు చాకొలెట్ల పెట్టెలు పంచుట కొన్నాళ్లుగా ఆచారమైనది. ఆ వెలకు ఒక రబ్బరు బంతియో, గంతులు వేయు త్రాడో వచ్చును. కార్యవర్గమువారికి ఖర్చు ఏమియు పెరుగదు.